ఐదుగురున్న ఇంట్లో రెండు సీట్ల కారు

ప్రశ్న: మాది చిత్తూరు. ఊరికి దగ్గరలోని ఇంజనీరింగ్ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేస్తున్నాను. ఇంట్లో నా భార్య, 7 ఏళ్ల అమ్మాయి, అమ్మానాన్నలు ఉంటారు. అందరికీ పనికివచ్చే చిన్న కారు ఒకటి ఇప్పటికే ఉంది. చదువుకునే రోజుల నుంచి పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మీద మనసు. బెంగళూరులో 2006లో రిజిస్టరైన మెర్సిడెస్ బెంజ్ ఎస్ఎల్‌కే 350 ఒకటి అమ్మకానికి వచ్చింది. ముగ్గురు యజమానులు మారారు, 61,000 కిలోమీటర్లు తిరిగింది, 13 లక్షలు చెబుతున్నారు. నా దగ్గర 15 లక్షల దాకా ఉంది. ‘ఇంట్లో వాళ్లకు చాలని కారుకు అంత డబ్బా?’ అని నాన్నగారు, ‘పాపను ఎక్కడ కూర్చోబెడతారు?’ అని మా ఆవిడ అడుగుతున్నారు. ఈ కారు కొనవచ్చా? కొంటే మన ఊళ్లో దాన్ని నిలుపుకోగలనా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం:

రెండో ప్రశ్నకు ముందు సమాధానం చెబుతాను. పాత రెండు సీట్ల కారును చిత్తూరులో నిలుపుకోవడం సాధ్యమే. మీ ఇంట్లో రోజువారీ పనులకు మరో కారు ఉండటం వల్ల, మీకు అది మరింత సాధ్యం. ఇక మొదటి ప్రశ్నకు వస్తే, ఈ కారును ఈ ధరకు మాత్రం కొనకండి. మీ దగ్గరున్న 15 లక్షల్లో 13 లక్షలు అమ్మకందారుకే ఇచ్చేస్తే, తరువాత రావలసిన ఖర్చులన్నిటికీ మిగిలేది 2 లక్షలు. పాత విలాసవంతమైన కార్ల విషయంలో చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఏళ్లు గడిచే కొద్దీ కారు ధర పడిపోతుంది గాని దాని విడిభాగాల ధర పడిపోదు. మీరు కొనేది 13 లక్షల కారే అయినా, దానికి వేయించవలసిన షాకబ్జార్బరు, హెడ్‌లైటు, గేర్‌బాక్సు భాగాలు మాత్రం అది కొత్తగా షోరూములో నిలబడిన నాటి స్థాయికి తగ్గ ధరలోనే వస్తాయి. అందుచేత చేతిలో ఉన్న మొత్తంలో కనీసం నాలుగో వంతు పక్కన పెట్టి, మిగిలిన దానిలోనే కారు ధర, పన్నులు, బదిలీ ఖర్చులు సరిపెట్టుకోవాలి. మీ విషయంలో అది 11 లక్షల లోపు.

మన దేశంలో ఈ తరగతి కార్లు తక్కువ గనుక మీరు ఎస్ఎల్‌కే దగ్గర ఆగడంలో ఆశ్చర్యం లేదు. 1989 నుంచి ప్రపంచమంతా చవకగా కొని నడుపుకొంటున్న మాజ్డా ఎంఎక్స్-5ను ఆ సంస్థ ఇక్కడ అమ్మనే లేదు. పాత కారును విదేశం నుంచి తెప్పించుకుందామన్నా, తయారై 3 ఏళ్లు దాటిన వాటిని దిగుమతి నిబంధనలు ఒప్పుకోవు. గోవాలో తయారైన శాన్ స్టార్మ్ మన సొంత రెండు సీట్ల కారు, తేలికపాటి ఫైబర్ బాడీతో ముచ్చటగా ఉండేది గాని దాని భాగాల కోసం ఇప్పుడు వేట తప్పదు. బీఎండబ్ల్యూ జెడ్4లో 2009 తరువాతి రూపం చాలా మంచి కారు. అయితే దాని 35ఐ రకంలో రెండు టర్బోల ఇంజనుకు అధిక పీడన ఇంధన పంపు చెడిపోవడం పేరుపడిన జబ్బు. వాటితో పోలిస్తే టర్బో లేని ఎస్ఎల్‌కే మీ బోటి వారికి తక్కువ తలనొప్పి. కారు ఎంపిక సరైనదే, చిక్కంతా ఆ సంవత్సరంతో వచ్చింది.

2004లో వచ్చిన ఈ తరం ఎస్ఎల్‌కే 350లో 3,498 సీసీ, 272 హార్స్‌పవర్ వీ6 ఇంజను ఉంటుంది. ఇంజను కంపనాన్ని అణచడానికి దాని లోపల బ్యాలెన్స్ షాఫ్ట్ అనే ఇరుసు తిరుగుతూ ఉంటుంది. దాని చివర ఉండే పళ్ల చక్రం మీదుగా, వాల్వులను సమయానికి తెరిపించి మూయించే టైమింగ్ చైన్ నడుస్తుంది. తొలి సంవత్సరాల ఇంజన్లలో ఆ పళ్ల చక్రానికి వాడిన లోహం తగినంత గట్టిది కాకపోవడం వల్ల పళ్లు క్రమంగా అరిగిపోతాయి, చైను ఉండవలసిన చోటు నుంచి కొద్దిగా జరుగుతుంది, వాల్వులు తెరుచుకునే సమయం తప్పుతుంది. మొదట డ్యాష్‌బోర్డు మీద ఇంజను దీపం వెలుగుతుంది, స్కానరు పెడితే 1200 గాని 1208 గాని కోడు కనిపిస్తుంది. చాలామంది సెన్సరు మార్పించి, కోడు చెరిపించి, కారును అమ్మకానికి పెట్టేస్తారు. ఆ చక్రం ఖరీదు కాదు ఇక్కడ సమస్య. దాన్ని మార్చాలంటే ఇంజను మొత్తాన్ని కిందికి దించాలి, విప్పాలి, మళ్లీ కూర్చాలి. ఆ పనికయ్యే కూలీ మీ 2 లక్షలను ఒక్క గుక్కలో మింగేస్తుంది. ఇంజను నంబరులోని చివరి 6 అంకెలు 468993 కంటే తక్కువ ఉంటే ఆ ఇంజను ఈ లోపం ఉన్న వరుసలోనిదని లెక్క. 2006లో రిజిస్టరైన కారు ఆ వరుసలో ఉండే అవకాశమే ఎక్కువ. ఆ పని ఇదివరకే చేయించి ఉంటే బిల్లు ఉంటుంది. బిల్లు లేని చోట పని జరగలేదనే అనుకోవాలి.

మరి ఏది కొనాలి? 2008లో ఈ కారు ముఖం మార్చుకుని వచ్చింది. ఆ తరువాతి ఎస్ఎల్‌కే 350 ఇంజను 305 హార్స్‌పవర్‌కు పెరిగింది, పళ్ల చక్రం గొడవ అప్పటికి సర్దుకుంది. అలాంటిది మీ బడ్జెట్‌లో దొరక్కపోతే 1,796 సీసీ నాలుగు సిలిండర్ల ఎస్ఎల్‌కే 200 కంప్రెసర్ రకాన్ని చూడండి. వేగంలో కొంత వెనుకబడినా, బరువు తక్కువైన ఆ ఇంజను మలుపుల్లో ముందు చక్రాలను చురుగ్గా తిప్పనిస్తుంది. నా వరకు మన జిల్లా రోడ్లకు అదే సరిపోతుందని తోస్తుంది. దాని టైమింగ్ చైను కూడా సాగే రకమే. కాబట్టి చూడటానికి వెళ్లినప్పుడు రాత్రంతా ఆపి ఉంచిన కారును మీ ఎదుట స్టార్టు చేయమనండి, మీరు వెళ్లేసరికే ఇంజను వేడిగా ఉంటే మరో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లని ఇంజను మొదటి కొన్ని క్షణాలు గలగలమని శబ్దం చేసి ఆగిపోతే, చైను మార్పుకు అయ్యే ఖర్చును ధరలోంచి తీసేసి మాట్లాడాలి.

ఇంజను తరువాత అసలు పరీక్ష పైకప్పుది. ఈ కారు అందమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి. ఉక్కు పైకప్పు రెండుగా విడిపోయి 22 సెకన్లలో డిక్కీలోకి మడుచుకుపోవడానికి హైడ్రాలిక్ పంపు, సిలిండర్లు, వరుసగా ఒకదాని తరువాత ఒకటి సంకేతం ఇచ్చే స్విచ్చులు పనిచేస్తాయి. డిక్కీలో సామానుకూ పైకప్పుకూ మధ్య అడ్డంగా లాగే తెర ఒకటి ఉంటుంది, అది కొక్కేనికి తగిలించి లేకపోతే పైకప్పు కదలదు. కదలని కారును చూపించి ‘ఆ తెర సరిగ్గా పెట్టలేదు సార్, అంతే’ అనే అమ్మకందారులు ఉంటారు. అంతే అయితే మీ ఎదుటే పెట్టి తెరిచి చూపమనండి. ఇంజను నడుస్తూ ఉండగా, సమమైన నేల మీద, వెంట వెంటనే మూడు సార్లు తెరిపించి మూయించండి. మొదటిసారి చక్కగా కదిలి మూడోసారి సగంలో తటపటాయిస్తే పంపుకో, నూనెకో వయసు వచ్చిందన్నమాట. తరువాత డిక్కీలోని తివాచీని ఎత్తి అడుగున చేయి పెట్టి చూడండి. వేళ్లకు జిడ్డు తగిలితే సిలిండరు సీలు కారుతోంది, తడి తగిలితే నీరు దిగుతోంది. రెండింటికీ మందు ఉంది. కారే సిలిండర్లను విప్పి కొత్త సీళ్లు వేసి ఇచ్చే వాళ్లు ఉన్నారు, కొత్తవి కొనవలసిన పని లేదు. కానీ నీరు దిగిన కారులో తడి నేల మీద పరిచిన వైర్లకు, నియంత్రణ పెట్టెలకు ఏమి జరిగిందో వెంటనే తెలియదు.

నీటి పరీక్షకు ఖర్చు లేదు. దగ్గరలోని వాటర్ సర్వీసుకు తీసుకెళ్లి, సీట్ల మీద, కాళ్ల దగ్గర పాత దినపత్రికలు పరిచి, లోపల ఒకరు కూర్చుని, పైకప్పు అతుకుల మీదుగా పది నిమిషాలు మామూలు ధారగా నీళ్లు పోయించండి. ఒత్తిడి గన్నుతో మాత్రం వద్దు, దానికి మంచి సీలు కూడా ఆగకపోవచ్చు. కాగితం ఎక్కడ తడిసిందో అక్కడ పని ఉంది. కొన్న తరువాత కూడా ఈ రబ్బరు సీళ్లే మీ ముఖ్యమైన చాకిరీ. రెండు నెలలకు ఒకసారి తడిగుడ్డతో తుడిచి, రబ్బరుకు సరిపడే సిలికాన్ గ్రీజు పలుచగా పట్టించాలి. మన వీధి సర్వీసు కేంద్రాల్లో నల్లగా నిగనిగలాడాలని డీజిలు గుడ్డతో తుడిచే అలవాటు ఉంది. అది రబ్బరును ఉబ్బించి పాడు చేస్తుంది, తాళం చెవి ఇచ్చేటప్పుడే వద్దని చెప్పండి. పైకప్పు అంచుల నుంచి నీరు కిందికి పోయే సన్నని గొట్టాలు ఉంటాయి. కారును వేప చెట్టు కిందో, కానుగ చెట్టు కిందో పెట్టారంటే రాలిన పూత, ఆకు ఆ గొట్టాల నోళ్లలో పేరుకుపోయి, ఈశాన్య రుతుపవనాల మొదటి పెద్ద వానకు నీళ్లన్నీ డిక్కీలోకి వస్తాయి. చెట్టు నీడ మనుషులకు మంచిది, ఈ కారుకు రేకుల షెడ్డు మేలు.

నీళ్ల ప్రస్తావన వచ్చింది గనుక మరొక జాగ్రత్త. చెన్నై కార్లు మన వైపు ధారాళంగా వస్తాయి. 2015 డిసెంబరులోను, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు కూడా అక్కడ వేల కార్లు నీట మునిగాయి. 2021 నవంబరులో తిరుపతిలోనే వీధులకు వీధులు మునిగాయి. ఏ కారును చూసినా సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి బురద చార ఉందేమో చూడండి, సీటు కింది పట్టాల తుప్పును చూడండి. ఆ తేదీల దగ్గర భీమా క్లెయిము ఏదైనా ఉందేమో పాత పాలసీ కాగితాల ద్వారా అడగండి. ఇది పైపైన శుభ్రం చేస్తే కనిపించని లోపం. మీరు స్వయంగా చూడటం ఎంత ముఖ్యమో, అమ్మకందారుకు సంబంధం లేని వర్క్‌షాపులో డబ్బిచ్చి కారును లిఫ్టు మీద ఎక్కించి, మెర్సిడెస్ స్కానరు పెట్టి పరీక్ష చేయించడం అంతకన్నా ముఖ్యం. దానికి ఒప్పుకోని వారితో బేరం అనవసరం.

కాగితాల దగ్గరకు వద్దాం. కర్ణాటక రిజిస్ట్రేషను ఉన్న కారును మీ పేరు మీద చిత్తూరుకు తెచ్చుకోవాలంటే అక్కడి ఆర్టీఓ కార్యాలయం నుంచి ఫారం 28తో నిరభ్యంతర పత్రం రావాలి, ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలు కావాలి, ఆర్‌సీలో బ్యాంకు రుణం నమోదై ఉంటే ఫారం 35తో దాన్ని తొలగించాలి. బెంగళూరు ట్రాఫిక్ జరిమానాలు పేరుకుని ఉంటే నిరభ్యంతర పత్రం అక్కడే ఆగుతుంది. కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైటులో బండి నంబరు కొట్టి ముందే చూసుకోండి. వేరే రాష్ట్రపు కారును 12 నెలలు దాటి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవలసిందే, జీవితకాలపు పన్ను కట్టవలసిందే. మీరు చెప్పిన కారుకు ఇంకో ముడి ఉంది. 2006 నాటిది గనుక 15 ఏళ్ల గడువు 2021లోనే తీరి, 5 ఏళ్లకు పొడిగించి ఉండాలి. ఆ పొడిగింపు 2026తో అయిపోతుంది. ఆర్‌సీలో దిగుమతి వాహనమని ఉంటే 2022 ఏప్రిల్ నుంచి పునరుద్ధరణ రుసుమే 40,000 రూపాయలు. 2025 ఆగస్టులో వచ్చిన సవరణతో 20 ఏళ్లు దాటిన దిగుమతి కార్లకు అది 80,000 అయింది. ఎస్ఎల్‌కేలన్నీ జర్మనీలోని బ్రెమెన్‌లో తయారై పూర్తి కారుగానే వచ్చినవి. అంటే 13 లక్షలు ఇచ్చి తెచ్చుకున్న కారుకు ఇంటికి రాగానే పన్ను, ఆ రుసుము, ఫిట్‌నెస్ పరీక్ష అన్నీ వరుసలో నిలబడతాయి. అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్‌సీ నకలుతో చిత్తూరు రవాణా కార్యాలయానికి ఒకసారి వెళ్లి, ఈ కారును ఇక్కడ నమోదు చేస్తారా, ఎంత అవుతుంది అని అడిగి రండి. ఏజెంటు నోటి లెక్క మీద ఆధారపడకండి.

నిలుపుకోవడం గురించి. చిత్తూరు ఇందుకు అంత చెడ్డ చోటేమీ కాదు. ఇటు చెన్నై, అటు బెంగళూరు రెండూ కొన్ని గంటల దూరంలో ఉన్నాయి, రెండు చోట్లా కంపెనీ సర్వీసు కేంద్రాలూ, జర్మన్ కార్లకే అంకితమైన విడి వర్క్‌షాపులూ ఉన్నాయి. ఇంజను ఆయిలు, బ్రేకు ప్యాడ్లు, బ్యాటరీ వంటి పనులకు ఊళ్లోని చేయి తిరిగిన మెకానిక్కు చాలు. సరైన గ్రేడు ఆయిలు, ఫిల్టరు మీరే తెచ్చి ఇవ్వండి. గేర్‌బాక్సు, పైకప్పు, ఎలక్ట్రానిక్సు మాత్రం ఇక్కడ ఎవరినీ ముట్టుకోనివ్వకండి. దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగించవద్దు. వెనుక చక్రాలతో నడిచే ఆటోమేటిక్ కారును అలా లాగితే గేర్‌బాక్సు పోతుంది, ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించాలి. అందుకే భీమాలో రోడ్డు సహాయం ఉండేలా చూసుకోండి.

వారానికి ఒకసారి తీసే కారుకు వాడకం కన్నా నిలిపి ఉంచడమే ఎక్కువ హాని. బ్యాటరీ దిగిపోతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి, టైర్లు ఒకే చోట నొక్కుకుంటాయి. బ్యాటరీకి నెమ్మదిగా ఛార్జి చేసే చిన్న పరికరం ఒకటి కొని తగిలించి ఉంచండి. పెట్రోలు విషయంలో మూత లోపల అంటించిన కాగితంలో ఎంత ఆక్టేను రాసి ఉందో చూసి, 95 అంటే 95 రకమే పోయించండి. ఇప్పుడు మామూలు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తోంది, ఈ కారు పుట్టిన రోజుల్లో దానిని ఊహించి రబ్బరు గొట్టాలు చేయలేదు. ఏడాదికి ఒకసారి ఇంధన గొట్టాలను తడిమి చూసి, పగుళ్లు ఉంటే మార్చేయాలి. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది గనుక సగం ట్యాంకుతో నెలల తరబడి పెట్టకండి. టైర్లు ముందువి 225, వెనుకవి 245 వెడల్పు ఉంటాయి కాబట్టి ముందు వెనుకలు మార్చుకునే వీలు లేదు. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 6 ఏళ్లు దాటినవి నిగనిగలాడుతున్నా తీసేయించండి.

రోడ్ల మాటకు వస్తే, మన జిల్లాలో ఈ కారుకు శత్రువు వేగం కాదు, స్పీడ్ బ్రేకరు. ఊరూరా తారు కుప్పగా పోసిన వాటి మీదికి నేరుగా ఎక్కిస్తే అడుగు తగులుతుంది. ఒక్కొక్క చక్రం ఎక్కేలా ఏటవాలుగా దాటించాలి. మామిడి కాలంలో దామలచెరువు వైపు ట్రాక్టర్లు బారులు తీరే రోజుల్లో ఆ దారి వద్దు. పలమనేరు దిశగా మొగిలి ఘాట్ తెల్లవారుజామున హాయిగా ఉంటుంది, కౌండిన్య అడవుల ఏనుగులు రోడ్డు దాటే చోట్లున్నాయి గనుక చీకటి పడ్డాక పైకప్పు తెరిచి వెళ్లే దారి కాదది. తిరుమల సంగతి మీకు తెలిసిందే. 1974 నాటి రెండో ఘాట్ మీదుగా ఎక్కడానికి 28 నిమిషాలు, 1944 నాటి పాత ఘాట్ మీదుగా 36 మలుపులు దిగడానికి 40 నిమిషాలు కనీస సమయంగా పెట్టారు. ఎంత గొప్ప కారైనా అక్కడ బస్సు వెనకాలే. దిగేటప్పుడు గేరును చేత్తో తగ్గించి ఇంజను బిగువు మీద దింపండి, రెండేళ్లకు ఒకసారి బ్రేకు ఆయిలు మార్పించండి. కోతులు ఉన్న చోట పైకప్పు మూసే ఉంచండి. ప్రసాదం సంచి సీటు మీద ఉంటే అవి 22 సెకన్లు ఆగవు.

మీ నాన్నగారి మాటలో న్యాయం ఉంది; దాన్ని వాదనతో గెలవాలని చూడకండి. పాప చదువుకో, ఇంటి అప్పుకో కేటాయించిన డబ్బు ఇందులో ఒక్క రూపాయి ఉన్నా ఈ ప్రయత్నం మానేయండి. అలా కాకపోతే, మొత్తం ఖర్చు ఇంత, ఏటా ఇంత, దీన్ని దాటితే అమ్మేస్తాను అని కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి, లెక్క తెలిసిన పెద్దలు చాలావరకు ఒప్పుకుంటారు. మీ భార్య అడిగిన దానికి సమాధానం ఇంకా సూటిగా ఉండాలి. ముగ్గురు కలిసి వెళ్లే ప్రయాణం ఎప్పుడూ ఇంటి కారులోనే. పాపను ఒడిలో కూర్చోబెట్టుకుని వెళ్లడం ఈ కారులో ఏ కొద్ది దూరానికీ వద్దు. మీరూ పాపా ఇద్దరే వెళ్లే రోజున పిల్లలను ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టరు సీటు వేసి, పక్క సీటును వెనక్కి చివరిదాకా జరిపి, ఎయిర్‌బ్యాగుకు దూరంగా, బెల్టు భుజం మీదుగా వచ్చేలా కూర్చోబెట్టండి.

ఇప్పుడు చేయవలసింది ఇది. బెంగళూరు అమ్మకందారును ఇంజను నంబరు ఫోటో, ఆర్‌సీ రెండు వైపులా, సర్వీసు బిల్లులు పంపమనండి. నంబరు 468993కి లోపల ఉండి పళ్ల చక్రం మార్చిన బిల్లు లేకపోతే, ధర సగానికి తగ్గించినా వదిలేయండి. బిల్లు ఉంటే, పైన చెప్పిన రుసుములు, పన్ను తీసేసి మీ 11 లక్షల లోపు ఎంతకు వస్తుందో అంతే చెప్పండి. అతడు కాదంటే 2008 తరువాతి కారు కోసం ఆగండి. ఇలాంటి కార్లకు కొనేవాళ్లు తక్కువ, మీకు తొందర లేదు. ఏది కొన్నా, కొన్న 14 రోజుల లోపు భీమా కంపెనీకి రాసి పాలసీని మీ పేరు మీదికి మార్పించుకోండి, అప్పటిదాకా కారును షెడ్డులోంచి తీయకండి.